హెడ్లీ ఎత్తని గాలం

సెల్బీ ఊరి బజారులో మాంసం కొట్టు నడిపినన్నాళ్ళూ నార్మన్ సగ్డెన్‌కి తన చేతుల మీద గొప్ప నమ్మకం. ఎముక మీద కత్తి పడితే రెండో దెబ్బ అక్కర్లేదు. ఆదివారాలు అవే చేతులతో బంగారుతీగ చేపల్ని పట్టేవాడు. కొట్టు అమ్మేసిన ఏడాదికే పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి మాట వినడం మానేసింది. చలికాలమంతా రబ్బరు బంతి పిసుకుతూ కూర్చున్నాడు. ఎవరైనా కోటు తొడగబోతే విసుక్కునేవాడు. టీ కప్పు చేతికి అందిస్తే ముఖం తిప్పుకునేవాడు. "అయ్యో పాపం" అన్న మాట ఎవరూ అనకుండానే అతనికి వినబడేది.

వేసవి వచ్చాక, చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు కప్పు పోటీకి మళ్ళీ వెళ్ళాడు. పాత ఇటుకల బట్టీ వెనక మట్టి తవ్వగా మిగిలిన చెరువు అది. పోటీ నడిపే గ్రాహం సంచి పట్టుకొని ఒక్కొక్కరి చేతా చీటీ తీయించాడు. నార్మన్‌కి రెల్లు పక్కన చోటు దొరికింది. దాని పక్కది హెడ్లీకి వచ్చింది.

హెడ్లీ రైల్వేలో సిగ్నల్ గదిలో పనిచేసి రిటైరైనవాడు. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఇద్దరూ ఒకే గట్టున గాలాలు వేస్తున్నారు. చేప కొరికి నీటి మీది బెండు మునగడం, హెడ్లీ గాలం కర్ర లేవడం ఒకేసారి జరిగేవి. అంత చురుకైన మనిషి. ఆవేళ అతన్ని భార్య డొరీన్ కారులో తెచ్చి దింపి వెళ్ళింది.

"ఏరా, మీ ఆవిడ నీకు కారివ్వనంటోందా?" అన్నాడు నార్మన్.

"నేను నడిపితే ఆవిడకి భయంలే. నీ చెయ్యెలా ఉంది?"

"నా చేతికేం, నిక్షేపంగా ఉంది."

"ఉంటే మంచిదే. ఓడిపోయాక మాత్రం నెపం దాని మీదికి తొయ్యకు."

నార్మన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆర్నెల్లుగా ఎవరూ తనతో అలా మాట్లాడలేదు.

గ్రాహం ఈల వేశాడు. మొదట్లో మొక్కజొన్న గింజ కొక్కేనికి గుచ్చడమే గగనమైంది. ఒక చేప గట్టుదాకా వచ్చి తప్పించుకుపోయింది. తర్వాత కర్రను ఎడమ చంకలో ఇరికించుకొని, కుడిచేతిని ఊతగా మాత్రమే వాడడం పట్టుబడింది. మధ్యాహ్నం అయ్యేసరికి పట్టిన చేపలు వేసే అతని వలసంచి బరువెక్కింది. తడిసిన చేతులతోనే బేకన్ శాండ్‌విచ్ తిన్నాడు. వాన తుంపర కూడా హాయిగా అనిపించింది.

చివరి గంటలో అతను తల తిప్పి చూశాడు. హెడ్లీ బెండు మునిగి ఉంది. హెడ్లీ నీళ్ళకేసి చూస్తూనే ఉన్నాడు, కర్ర ఎత్తలేదు. కాసేపటికి బెండు తనంతట తాను పైకి తేలింది. ఇంకాసేపటికి మళ్ళీ అలాగే జరిగింది. కావాలనే వదిలేస్తున్నాడనుకున్నాడు నార్మన్. ఈల మోగేదాకా అతనింక అటు చూడలేదు.

తూకం వేశారు. హెడ్లీ మీద ఒక్క చేప తేడాతో నార్మన్ నెగ్గాడు. చేపల్ని తిరిగి నీళ్ళలోకి వదిలారు. గ్రాహం కప్పు అందించబోతే నార్మన్ పుచ్చుకోలేదు.

"వాడికివ్వు," అన్నాడు. "బెండు మునుగుతుంటే గుడ్లప్పగించి కూర్చున్నాడు. నేను చూశాను. ఒరేయ్ హెడ్లీ, నేను అడుక్కున్నానా నిన్ను? అవిటివాడికి ముష్టి వేద్దామనుకున్నావా?"

హెడ్లీ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తల తిప్పి, మానుకున్నాడు.

"నీకలా తోచిందా? సరేలేరా," అని సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. డొరీన్ వచ్చేదాకా గేటు దగ్గర వానలోనే నిలబడ్డాడు. నార్మన్ తన కారు పక్కనుంచే పోనిచ్చాడు, ఆపలేదు.

తర్వాతి పోటీకి హెడ్లీ రాలేదు. ఆ పై దానికీ రాలేదు. తప్పు చేశాడు గనక మొహం చెల్లలేదు కాబోలు అనుకున్నాడు నార్మన్. ఆకులు రాలే రోజుల్లో మందుల షాపులో డొరీన్ ఎదురైంది. ఆవిడ పలకరించకుండా వెళ్ళబోయింది. అతనే అడ్డంపడి, హెడ్లీ ఎలా ఉన్నాడని అడిగాడు.

"కళ్ళు పోతున్నాయి నార్మన్," అంది. "చూపులో మధ్య భాగం పోయింది. అంచులే మిగిలాయి. ఎదురుగా ఉన్న బెండు కనబడదు, చేప గట్టిగా లాగి కర్ర కదిలితేనే తెలుస్తుంది. వసంతంలోనే డాక్టరు చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని హెడ్లీ నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"మరి ఆ రోజెందుకొచ్చాడు?"

"నీకోసమే. ఇంతకాలానికి బయటికొస్తున్నావు, పక్కన తను లేకపోతే బాగుండదని."

నార్మన్ మందు చీటీ చేతిలోనే ఉంచుకొని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాడు. హెడ్లీ పెరట్లో మొక్కలు పెంచే గాజు గదిలో, టమాటా కాయల్ని వేళ్ళతో తడిమి పండినవి కోస్తున్నాడు. అడుగుల చప్పుడు బట్టే హెడ్లీ పోల్చుకున్నాడు.

"చెప్పేసిందా? నాకు కనబడి ఉంటే ఆ కప్పు నీకు దక్కేదే కాదు."

"తెలుసురా. నన్ను క్షమించు."

"ఊరుకో. అక్కడే చెప్పేసి ఉండాల్సింది. నోరు రాలేదు. నువ్వు దేనికి మండిపడ్డావో నేనూ దానికే భయపడ్డాను."

"ఆదివారం రా. నీ పక్కనే కూర్చుంటా. బెండు మునగ్గానే చెబుతా."

హెడ్లీ ఇంకో కాయ తడిమి కోశాడు.

"నువ్వు చెబితే నేను ఎత్తాలి. ఆ చేప ఎవరిదవుతుందిరా అప్పుడు?" అన్నాడు. "వద్దు. ఆ రోజంతా బాగానే గడిచింది, నువ్వు నోరు తెరిచేదాకా. నా ఆఖరి పోటీ అదేనని నాకు తెలుసు."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నార్మన్‌కి తేలికయ్యేది.

ఇప్పుడు ప్రతి పోటీ అయ్యాక నార్మన్ వాళ్ళింటికి వెళ్తాడు. డొరీన్ టీ ఇస్తుంది. ఏ చోటు వచ్చింది, ఏ ఎరకి చేపలు పడ్డాయి, ఎవరు నెగ్గారు అని హెడ్లీ గుచ్చి గుచ్చి అడుగుతాడు. నార్మన్ తడుముకుంటూ చెబుతాడు. తను గెలిచిన రోజు మాత్రం, చేపలు సరిగా పడలేదని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.