ఎడమ జబ్బకు గాజ్ పేలిక

ఆపరేషన్ థియేటర్లో పద్నాలుగేళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని. దెయ్యాలే ఉంటే ముందు మాలాంటివాళ్ళకే కనబడాలి. నాకెప్పుడూ ఒక్కటీ కనబడలేదు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా నేనెవర్నీ చూడలేదు. చూసింది ఒక గుడ్డపేలిక, అంతే.

రెండు వేల అయిదు ప్రాంతంలో అనకాపల్లిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఉండేదాన్ని. కిడ్నీలో రాయికి పక్కంతా కోసే రోజులు పోయి, వీపుకి వేలు పట్టేంత బెజ్జం వేసి, రాయిని లోపలే పగలగొట్టి తీసే పద్ధతి అప్పుడే మా దగ్గరికి వచ్చింది. విశాఖపట్నం నుంచి డాక్టరుగారు వారానికోసారి వచ్చి చేసేవారు.

మా దగ్గర నూకాలు అని ఒక ముసలి ఆయా ఉండేది. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి ఆమె కుడి చేతి బొటనవేలు పోయింది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఒక పని పెట్టుకుంది. రాయి ఏ పక్క ఉందో పేషెంటునే అడిగి, ఆ పక్క జబ్బకు, గాయాలకి వాడే పల్చటి గాజ్ గుడ్డ పేలిక ఒకటి కట్టేది. బొటనవేలు లేదు కాబట్టి ఒక కొసని పళ్ళతో పట్టి లాగి ముడి బిగించేది. నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. ఆ కొసకి ఎర్రటి మరక అంటుకునేది.

నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు స్టోరు గదిలోకి పిలిచి, తలుపు వేసి గట్టిగా తిట్టాను. ఎంగిలి గుడ్డ థియేటర్లోకి తెస్తావా, ఇంకోసారి కడితే పని మానిపించేస్తానన్నాను.

"అలాగే సిస్టరమ్మా, ఇంక కట్టన్లెండి" అని వెళ్ళిపోయింది.

రెండు నెలలకి జ్వరం వచ్చి చనిపోయింది. నేనూ వెళ్ళాను. మట్టి వేసేదాకా ఉన్నాను.

మరో ఇరవై రోజులకి మునగపాక నుంచి అప్పారావు గారని ఒక చెరకు రైతు వచ్చారు. రెండు కిడ్నీల్లోనూ రాళ్ళే. ఎడమదాంట్లో పెద్ద రాయి, ఆ కిడ్నీ అప్పటికే సగం పాడైంది. కుడిదాంట్లో చిన్నది. ఆయన్ని నిలబెడుతున్నది ఆ కుడి కిడ్నీయే, దాని జోలికి పోవద్దు, ఎడమ పక్క చేద్దామని డాక్టరుగారు ముందు వారమే రాసి పెట్టారు.

ఆ పొద్దున మూడు కేసులు. హడావుడిలో ఎక్స్‌రే ఫిల్ము లైటుపెట్టెకి తగిలించింది నేనే. తిరగేసి తగిలించాను, దాంతో పెద్ద రాయి కుడి పక్క ఉన్నట్టు కనబడింది. కుడి ఎడమలు తెలియడానికి మూలన ఉండే అక్షరాన్ని క్లిప్పు కప్పేసింది. మత్తిచ్చాక డాక్టరుగారు ఫిల్ము చూసి, "కుడి పక్కేనా సిస్టర్?" అన్నారు. నేనూ ఫిల్మే చూసి అవునన్నాను. కేసు షీటు తెరవాల్సింది. తెరవలేదు.

ఈ ఆపరేషన్‌కి మనిషిని బోర్లా తిప్పాలి. నలుగురం కలిసి తిప్పాం. చేతులు తలకి రెండు పక్కలా పైకి పెట్టడం నా పని. ఎడమ చెయ్యి ఎత్తగానే గౌను చెయ్యి వెనక్కి జారింది. జబ్బకి గాజ్ పేలిక కట్టి ఉంది. ఒక కొస మీద ఎర్రటి మరక.

డాక్టరుగారు కుడి పక్క వీపు మీద వేలితో చోటు చూసుకుంటున్నారు. రెండో చేతిలో బెజ్జం వేసే సూది ఉంది.

"సర్, ఒక్క నిమిషం ఆగండి" అన్నాను.

వెళ్ళి ఫిల్ము తీసి తిప్పాను. క్లిప్పు కింది అక్షరం బయటపడింది. కేసు షీటు తెరిచాం. ఎడమ అని ఉంది. తర్వాత ఎడమ పక్కే చేశారు. బాగానే జరిగింది.

పేలిక ఎవరు కట్టారని అందర్నీ అడిగాను. ఎవరూ కట్టలేదన్నారు. కొత్త ఆయా నూకాలుని చూసి ఎరగదు. గాజ్ ఉండే బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. ఎవరో కట్టి, నా నోటికి జడిసి ఒప్పుకోవడం లేదని మనసుకి సర్ది చెప్పుకున్నాను.

మూడో రోజు, ఆపరేషన్ అప్పుడు వీపులో పెట్టిన గొట్టం తీసేశాక, సీసాలో వేసిన రాతి ముక్కలు ఇవ్వడానికి వెళ్ళాను. అప్పారావు గారు సీసా ఎత్తి చూసుకుంటూ అడిగారు.

"ఆ ముసిలామి కనపడ్డం నేదేటి సిస్టరమ్మా?"

ఏ ముసలామె అన్నాను.

"ఆ పొద్దు గౌనేసుకుని కూకున్నాను. వచ్చి, ఏ పక్క నాయినా అనడిగింది. ఎడమని సెప్పేను. పళ్ళతో లాగి ముడేసింది. బొటనేలు నేదు పాపం." కాస్త తటపటాయించి గొంతు తగ్గించారు. "సిస్టరమ్మకి సెప్పకు, తిడతాది అంది. మీరేటీ అనకండమ్మా ఆవిణ్ణి."

ఏమీ అననని చెప్పి బయటికొచ్చాను. స్టోరు గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని ఏడ్చాను. అక్కడ నేను తిట్టిన సంగతి ఆమెకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు విప్పిన పేలిక ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. మరక నల్లబడింది. అది ఆయన జబ్బ మీదికి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తేలలేదు. దెయ్యాల్ని నేను ఈనాటికీ నమ్మను. నూకాలు సంగతి మాత్రం నాకు తెలియదు.