ఓడలో స్టెబిలైజరు

ఇటిక్యాల చుట్టుపక్కల బోరు మోటారు కాలిందంటే రైతు ముందు కరెంటును తిట్టుకుంటాడు, తర్వాత యోహాను దుకాణం దారి పడతాడు. మోటారును దుకాణం ముందు దించగానే యోహాను మాట్లాడడు. మూత విప్పి, వంగి వాసన చూస్తాడు. ఆ వాసనతోనే లోపల తీగ ఎంతవరకు మాడిందో అతనికి అర్థమవుతుంది. మాడింది తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిషు పట్టించి ఆరబెడతాడు. యాభై దాటిన మనిషి. వేళ్ల చివర్లు వార్నిషుతో ఎప్పుడూ పచ్చగా ఉంటాయి.

తండ్రి యాకోబు మట్టిపనికి బొంబాయి దాకా పోయివచ్చిన పాలమూరు కూలీ. కొడుకు చేతికి పార రాకూడదని రాయచూరులో ఒక వైండింగు దుకాణంలో పనికి పెట్టాడు. యోహానుకు అక్కడ పని వచ్చింది, పనితో పాటు సగం కన్నడం వచ్చింది. తిరిగొచ్చి ఊళ్లో సొంత దుకాణం పెట్టుకున్నాడు, కృపను పెళ్లి చేసుకున్నాడు. కృప ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఎక్కడికి పోయినా ఆమె నవ్వు ముందు వస్తుంది, తర్వాత ఆమె వస్తుంది.

కృప నిద్రలో ఊపిరి ఆగుతున్నదని కనిపెట్టింది యోహానే. గురక సాగి సాగి ఒక్కసారిగా ఆగేది. పొలంలో మోటారు ఆగిపోతే ఎట్లాంటి నిశ్శబ్దం వస్తుందో అట్లాంటి నిశ్శబ్దం. అతను లేచి కూర్చునేవాడు. కాసేపటికి ఆమె గట్టిగా ఎగపీల్చేది, మళ్లీ గురక మొదలయ్యేది. పొద్దున అడిగితే ఆమెకేమీ తెలియదు.

కర్నూలు డాక్టరు ఆమె ఒంటికి తీగలు తగిలించి రాత్రంతా పడుకోబెట్టి చూశాడు. ఒక మిషను రాసిచ్చాడు. చిన్న డబ్బా, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తొడుగు. రోజూ పెట్టుకునే పడుకోవాలి. డబ్బా గాలిని ఊదుతూ ఉంటుంది, ఊపిరి ఆగదు.

కృప మొదటిసారి అద్దంలో చూసుకుని, "ఏనుగు తొండమొచ్చింది కదయ్యా నాకు" అంది.

ఒక గాలివానకు ఊళ్లో స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగింది. ఇళ్లలోకి వోల్టేజి ఒక్కసారిగా విరుచుకుపడి ఫ్యాన్లు, టీవీలు మాడిపోయాయి. కృప మిషనుకు కరెంటు ఇచ్చే అడాప్టరు కూడా మాడింది. కొత్తది వచ్చేదాకా యోహాను రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి ఆగినప్పుడల్లా ఆమె భుజం తట్టాడు.

ఆ తర్వాత తన చేత్తో ఒక స్టెబిలైజరు తయారు చేశాడు. కాయిలు తనే చుట్టాడు. వోల్టేజి ఎక్కినా దిగినా లోపల టక్కుమని కొట్టుకుని మిషనును కాపాడుతుంది. మళ్లీ ఏదీ మాడలేదు. కానీ యోహాను నిద్ర మాత్రం బాగుపడలేదు. టక్కుమన్నప్పుడల్లా కళ్లు తెరిచి మిషను మీద పచ్చదీపం వెలుగుతున్నదా అని చూసేవాడు. టక్కుమనకపోయినా చూసేవాడు. అతనిదంతా కోడికునుకు.

యోహాను దుకాణంలో కొత్త మోటార్లు కూడా అమ్మిపెడతాడు, ఎక్కువగా ఒకే కంపెనీవి. ఆ కంపెనీ ఈసారి డీలర్లను, మెకానిక్కులను భార్యాభర్తలుగా ఓడ ప్రయాణానికి తీసుకుపోతానంది. ముంబైలో ఎక్కి, లక్షద్వీపాల దాకా పోయి, మళ్లీ ముంబైలో దిగడం. ఆ మాట మోసుకొచ్చింది కంపెనీ తరఫున వనపర్తిలో ఉండే శ్రవణ్ కుమార్.

"యోహానన్నా, వదినెను తీసుకుని తయారుండు. ఓడ ఎక్కాలె."

యోహాను తీగ చుట్టడం ఆపలేదు. "నేను రాను."

"ఎందుకన్నా?"

"ఓడల కరెంటు ఎట్లుంటదో నాకు తెల్వదు."

"సముద్రం చూడనీకె పోతున్నవా, కరెంటు చూడనీకెనా?"

మోటారు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న రైతు నాగన్న అందుకున్నాడు. "పోరాదు యోహానూ. ఆడ ఓడ మోటారు కాలిందనుకో, దిక్కు నువ్వే."

"నడిసముద్రంల మోటారు కాలితే నన్ను పిలిస్తె ఏం లాభం నాగన్నా? యేసయ్యను పిలవాలె."

దుకాణం నవ్వింది. యోహాను నవ్వలేదు.

ఇంట్లో కృప మాట వేరేగా ఉంది.

"బడిల పిల్లలకు ఓ అంటే ఓడ అని బొమ్మ చూపిస్తరు. నేను ఒక్కసారన్న అసలు ఓడ చూడొద్దా?"

"మిషనున్నది కదే."

"ఉంటే? ఆ మిషను నాకు ఊపిరిచ్చిందా, ముక్కుతాడేసిందా?"

యోహాను ఆ రాత్రి కూడా పచ్చదీపాన్ని చూస్తూ పడుకున్నాడు. పొద్దున శ్రవణ్ కుమార్‌కు ఫోను చేసి వస్తున్నామని చెప్పాడు.

వెంటనే ఫోనులోకి శ్రవణ్ కుమార్ వాయిస్ మెసేజి వచ్చి పడింది.

"అన్నా, జర మంచిగ విను. ఓడల రూము గోడలు ఇనుపవి. మేకు కొట్టనీకె రాదు. అయస్కాంతం కొక్కాలు తెచ్చుకో, తువ్వాల తగిలించుకోవచ్చు. ఫోనుకు నీళ్లు పోని సంచి తెచ్చుకో, మెడల ఏసుకునేది. పవర్ బ్యాంకు తెచ్చుకో. ఆడ ప్లగ్గు బొక్కలు వేరే ఉంటయ్, అన్ని దేశాలకు పనికొచ్చే ప్లగ్గు గద్వాలల దొరుకుతది, తీసుకో. ఓడ ఒడ్డు దాటినంక ఫోన్ల విమానం బొమ్మ నొక్కు, లేకుంటె ఓడ టవరు పట్టుకుని బిల్లు మోగుతది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం తేవద్దు. మళ్ల చెప్తున్న, తేవద్దు. గుంజుకుంటరు."

యోహాను దాన్ని మూడుసార్లు విన్నాడు. పాత మైకు పెట్టె విప్పి అయస్కాంతం పీకి, దానికి కొక్కెం అతికించాడు. అది ఇనుప బీరువాకు అంటుకుంటే ఇద్దరూ లాగినా రాలేదు. "దీనికి తువ్వాల ఏందయ్యా, నిన్నే తగిలించొచ్చు" అంది కృప. గద్వాలలో నీళ్లు పోని సంచి కొని, ముందు అందులో పేపరు ముక్క పెట్టి బకెట్లో ముంచి చూశాడు. పేపరు తడవలేదు. అప్పుడు ఫోను పెట్టాడు. ప్లగ్గు కొన్నాడు. పవర్ బ్యాంకు నింపాడు.

స్టెబిలైజరు గురించి శ్రవణ్ కుమార్ ఏమీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తీసుకుపోవచ్చని యోహాను అనుకున్నాడు. స్టెబిలైజరు మోసుకుని ఓడ ఎక్కే మనిషి ఒకడుంటాడని శ్రవణ్ కుమార్‌కు తోచనే లేదు.

"చీరలకు జాగా లేదు, ఇనుముకున్నది" అని కృప గొణిగింది. యోహాను దాన్ని దుప్పట్లో చుట్టి పెద్ద సంచిలో అడుగున పెట్టాడు. రాయచూరులో రైలెక్కారు.

ముంబై రేవులో సామాన్లు ఒక్కొక్కటే స్కానింగు మిషను కిందనుంచి పోతున్నాయి. యోహాను సంచి పోగానే తెర మీద నల్లటి చుట్ట కనిపించింది. తెర ముందు కూర్చున్నతను పట్టీ ఆపాడు. ఇంకొకడు వచ్చాడు. ఆ ఇంకొకడు మరొకణ్ని పిలిచాడు. సంచి విప్పించారు. దుప్పట్లోంచి ఇనుప డబ్బా బయటికొచ్చింది. దాని మీద కంపెనీ పేరు లేదు, ముద్ర లేదు. లోపలంతా చేత్తో చుట్టిన తీగ.

ఇదేమిటని హిందీలో అడిగారు.

"స్టెబిలైజర్, సాబ్."

ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాడు యోహాను. ఆ జవాబుతో వాళ్ల ముఖాలు ఇంకా బిగుసుకున్నాయి.

వరుస వెనకనుంచి శ్రవణ్ కుమార్ పరుగున వచ్చాడు. "అన్నా! నేను తెమ్మన్నది పవర్ బ్యాంకే! ట్రాన్స్‌ఫార్మరెవరు తెమ్మన్నరు?"

కృప మిషనును వాళ్లు ఆపలేదు. డాక్టరు కాగితం చూసి పక్కకు పెట్టి ఇచ్చేశారు. ఇనుప డబ్బాను మాత్రం ఎక్కనివ్వం అన్నారు. దిగినప్పుడు ఇస్తామని చీటీ రాసిచ్చారు.

యోహాను చీటీ పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఓడ ఉంది. అన్ని అంతస్తుల కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. అన్ని దీపాలు ఒకేసారి కరెంటు గుంజితే వోల్టేజి ఎంతకు దిగుతుందో అని లెక్కపెట్టుకున్నాడు. ఊళ్లో యాసంగి పంటప్పుడు మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

"కృపా, ఇంటికి పోదాం."

"ఇంతదూరమొచ్చినంకనా?"

"నడిసముద్రంల నీకేమన్నయితే?"

కృప మిషను సంచి తీసి తన భుజానికి తగిలించుకుంది. "నా ఊపిరి నాకాడనే ఉన్నది. నీ డబ్బా వాళ్లకాడ ఉండనీ. వస్తవా, నన్నొక్కదాన్నే పొమ్మంటవా?"

ఓడలోకి వేసిన వంతెన మీద ఆమె ముందు నడిచింది. యోహాను వెనక నడిచాడు.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. కానీ ప్లగ్గు బల్ల దగ్గర ఉంది, మంచం ఇవతలి గోడకు ఉంది. మిషను తీగ అందదు. మంచం జరుపుదామంటే నేలకు బిగించి ఉంది. యోహాను మంచానికీ బల్లకూ మధ్య నిలబడ్డాడు. కృప బయటికి పోయి గదులు సర్దే అమ్మాయికి మిషను చూపించి, సైగలతో అంతా చెప్పి వచ్చింది. కాసేపటికి ఓడ ఎలక్ట్రీషియను పొడుగు తీగ పట్టుకుని వచ్చాడు. ఇట్లాంటి మిషన్ల కోసం ఓడలోనే ఉంచుతారట.

అతని పేరు సదానంద. హిందీ మాట్లాడుతుంటే మధ్యలో కన్నడం దొర్లింది. యోహాను తలెత్తాడు. మంగళూరు వైపు మనిషి. ఇక ఇద్దరూ కన్నడంలోకి దిగారు.

"ఓల్టేజ్ ఎష్టు?" అన్నాడు యోహాను. ఎంత ఉందని.

సదానంద మీటరు తీసి ప్లగ్గులో పెట్టి చూపించాడు. నూటపది.

యోహాను అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఆపు! ఆపు!" నూటపది అంటే ఇంటి కరెంటులో సగం, ఊళ్లో మోటారు మూలుగుతూ కాలిపోయే లెక్క. నూటపది అంటే రైతు ట్రాక్టరు వేసుకుని దుకాణానికి వచ్చే లెక్క. "లో ఓల్టేజ్! మిషను పోతది!" భయంలో కన్నడం మరిచిపోయి తెలుగులోనే అరిచాడు.

సదానందకు అర్థమైంది. నవ్వు ఆపుకున్నాడు. ఈ ప్లగ్గుకు ఎప్పుడూ ఇంతే ఉంటుందని, దాన్ని అట్లాగే కట్టారని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత మిషను అడాప్టరును చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. వంద నుంచి రెండువందల నలభై వోల్టుల దాకా ఏదైనా సరే.

"ఇదు ఓదిల్వా?" చదవలేదా అని.

యోహాను చదవలేదు. ఇన్నేళ్లుగా మాడిన తీగనే చూశాడు, మూత మీద అక్షరాలు ఎప్పుడూ చూడలేదు.

"కరెంట్ హోదరె?" పోతే ఎట్లా అని చివరిగా అడిగాడు.

"హోగల్ల. హోదరె ఇన్నొందు జనరేటర్ ఇదె." పోదు, పోయినా ఇంకోటి ఉంది.

మీటరు ఇంకా ప్లగ్గులోనే ఉంది. యోహాను దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఓడ ఒడ్డు వదిలింది. పైన వంటశాలలు మొదలయ్యాయి, లిఫ్టులు తిరిగాయి, ఎక్కడో పాటలు పెట్టారు. మీటరు నూటపది నుంచి కదల్లేదు. ఇంత కుదురైన కరెంటును అతను పుట్టి ఎరగడు.

గద్వాల ప్లగ్గు అక్కడి బొక్కలకు సరిగ్గా సరిపోయింది. సదానంద మిషను పెట్టి, మీటరు తీసుకుని పోయాడు. పచ్చదీపం వెలిగింది. కృప తొడుగు పెట్టుకుని ఉత్తినే పడుకుని చూసింది. ఇంట్లో ఎట్లా ఊదేదో అట్లాగే ఊదుతున్నది. ఆమె తొడుగు పక్కకు జరిపి, "పైకి పోదాం నడువు, బువ్వ పెడుతున్నరంట" అంది.

"నువ్వు పో. నేను జర చూసొస్త." ఇంకాసేపు దీపాన్ని చూద్దామని అతను మంచం అంచున కూర్చున్నాడు. గోడకు అరచేయి ఆనించాడు. లోపల ఎక్కడో ఇంజను వణుకు సమంగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. చెయ్యి అట్లాగే ఉంచి తల వాల్చాడు.

కళ్లు తెరిచేసరికి కిటికీ నిండా ఎండ. కృప చీర మార్చుకుని, తలలో పూలు పెట్టుకుని, కప్పుతో చాయ్ పట్టుకుని నిలబడి ఉంది.

"తెల్లారిందా?"

"తెల్లారి, పగలు బువ్వ కూడా అయింది. కల్వకుర్తి డీలర్ల ఆడోళ్లతోని కలిసి ఓడంతా తిరిగొచ్చిన. చాపలు ఎగిరినయ్ నీళ్లల్ల. నీ ఫోన్ల బొమ్మలు పట్టిన, సంచిలకెల్లి తియ్యకుండనే."

యోహాను గాబరాగా లేవబోయాడు. "రాత్రి? మిషను?"

"నడిచింది. ఒక్క తూరి కూడా లేవలే నేను. పొద్దున కడిగి ఆరబెట్టిన." ఆమె మంచం మీద కూర్చుంది. "నువ్వే గురక పెట్టినవ్."

"ఆగిందా?" అతని గొంతులో భయం నిజం.

"ఏడ ఆగుతది? సంతల ఆంబోతు లెక్క ఒక్కటే తీరు."

తలుపు కొట్టిన చప్పుడైంది. బయట శ్రవణ్ కుమార్. "వదినే, అన్నను తోలియ్యి. పైన అందరు కూసున్నరు. ద్వీపం కనబడుతదంట కొద్దిసేపట్ల."

కృప తలుపు సగమే తెరిచింది. "పండనియ్యి తమ్మీ."

"అరె, నిన్న పొద్దుమూకినప్పటి సంది పన్నడు! ఇంటికాడ పండడా?"

"ఇంటికాడ పండడు" అంది కృప. తలుపు మూసింది.

యోహాను చాయ్ తాగాడు. కప్పు కింద పెట్టాడు. పైన జనం ఒక్కసారిగా కేకలు వేశారు. ఏదో కనబడినట్టుంది. లేచి పోయి చూడాలనుకున్నాడు. కృప కిటికీ తెర లాగింది, గదిలో వెలుతురు తగ్గింది. అతను పక్కకు తిరిగి పడుకున్నాడు.