నాలుగో సంపుటంలో ఒడ్డు చేరిన ఓడ

లైబ్రరీలో అందరూ అతన్ని కెప్టెన్ అనేవారు. కెప్టెన్ కాదు సరికదా, అతను సముద్రం మొహం కూడా ఎరగడు. ఊరవతల కాలవలో దిగమన్నా మోకాళ్ళు దాటి దిగేవాడు కాదు. అతని పని పుస్తకాలు బైండు చెయ్యడం. లైబ్రరీ వెనక, మెట్ల కింద గదిలో, చిరిగిన పుస్తకాలకి అట్టలు వేస్తూ, ఊడిన కాగితాలు కుట్టుకుంటూ ముప్ఫై నాలుగేళ్ళు గడిపేశాడు. మరి ఆ పేరెలా వచ్చిందంటే, పన్నెండు పుస్తకాల వల్ల వచ్చింది.

ఆ పన్నెండూ ఒకే రచయితవి. ఎప్పటివాడో అమెరికా ఆయన. కుర్రతనమంతా ఓడల మీద చాకిరీ చేసి, ఒడ్డెక్కాక చచ్చేదాకా ఆ ఓడల గురించే రాశాడు. ఎవరో ఓపికమంతుడు వాటిని మన భాషలోకి దించితే, పన్నెండు సంపుటాలూ నీలం అట్టలతో లైబ్రరీకి వచ్చాయి. మనవాడికి ఒక అలవాటుంది, పుస్తకం విప్పితే చదవకుండా కుట్టడు. అలా ఒక్కొక్క సంపుటం కుట్టు వదులైనప్పుడల్లా అతను ఒక్కొక్క సముద్రం దాటాడు.

మధ్యాహ్నంపూట ఆ గదిలోకి వెళ్ళి చూడాలి. పైనున్న చిన్న కిటికీలోంచి వెలుగు దిగి గోడ మీద నీళ్ళలా కదులుతూ ఉంటుంది. ఫ్యాను గాలికి బల్ల మీది కాగితాలు లేచి పడుతుంటాయి. ఉడికించిన మైదా జిగురు వాసన చల్లారుతుంటుంది. చేతిలో దారం ఎక్కించిన సూది అలాగే గాల్లో ఆగిపోయి, మనవాడు మాత్రం ఎక్కడో దక్షిణాన, పేరు లేని దీవుల మధ్య, తెరచాప కింద వెల్లకిలా పడుకుని ఉండేవాడు. ఎవరైనా పిలిస్తే వెనక్కి రావడానికి కొంత సేపు పట్టేది. ఉప్పు అందించమంటే ఉప్పు తప్ప సముద్రం అంతా చెప్తాడని భార్య అందరి ముందూ ఆటపట్టించేది. అతనికీ నవ్వొచ్చేది.

ఆ పన్నెండింటిలో అతని ప్రాణం ఏడో సంపుటం. అందులో ఒక ఓడ వంటవాడున్నాడు. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం బంగారం. ఓడలో అందరినీ తిట్టి పోసి, అందరికీ కడుపునిండా పెట్టేవాడు. మసిబారిన కుండొకటి ఎప్పుడూ చంకలో పెట్టుకుని, దాన్ని దేవుడొచ్చినా ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటివాడున్న ఓడ ఆఖరి అధ్యాయంలో మునిగిపోయింది. పేరుపేరునా కూడా చెప్పకుండా, ఒక్క ప్రాణీ మిగల్లేదని రాసి ఊరుకున్నాడా రచయిత. ఆ సాయంత్రం మనవాడికి ముద్ద దిగలేదు. లైబ్రరీలో ఎవరైనా పోయారేమోనని భార్య కంగారుపడి అడిగితే, వంటవాడు పోయాడన్నాడు. ఏ హోటల్లో వంటవాడని ఆవిడ అడిగింది. పంతొమ్మిదేళ్ళయినా ఆ మాట తలుచుకుని ఇద్దరూ నవ్వుకుంటారు. కాని ఆ రచయిత మీద అతని కోపం మాత్రం తగ్గలేదు.

ఇక నాలుగో సంపుటం ఒక్కటే అతను చదవనిది. చదువుదామనుకున్నప్పుడల్లా అది టీచరమ్మ దగ్గరే ఉండేది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు, ఒంటరి మనిషి. ఆవిడ తమ్ముడు పంతొమ్మిదో ఏట సరుకుల ఓడలో పనికి చేరాడు. ఆ ఓడ బయల్దేరిందని ఉత్తరం వచ్చింది, చేరిందని మాత్రం రాలేదు. ఏటా వానలు మొదలవగానే ఆవిడ నాలుగో సంపుటం పట్టుకెళ్ళేది. దాన్లో ఓడ క్షేమంగా ఒడ్డు చేరుతుందని లైబ్రరీలో అందరికీ తెలుసు, ఎందుకు పట్టుకెళ్తుందో కూడా తెలుసు. అందుకే ఆవిడని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఈ ఏడు ఆవిడే ఆ పుస్తకాన్ని అతని గదికి తెచ్చింది. పుస్తకం వీపు పూర్తిగా ఊడిపోయింది. కళ్ళు మసకబారుతున్నాయనీ, వచ్చే వానలకి అక్షరం కనపడుతుందో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోయాడనీ, అందుకని కాస్త తొందరగా కుట్టిపెట్టమనీ అడిగింది.

ఆవిడ వెళ్ళగానే అతను దారాలు తెంపి పుస్తకం విప్పాడు. పుస్తకమంటే బైండరుకి పేజీలు కావు, ఫారాలు. పదహారేసి పేజీలు మడిచిన ఒక్కొక్క కట్ట ఒక ఫారం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున, మూలకి, ప్రెస్సువాళ్ళు సన్నగా రెండు అంకెలు వేస్తారు, ఎన్నో సంపుటం, ఎన్నో ఫారం అని. చదివేవాడి కన్ను వాటి మీద పడనే పడదు. అలవాటు ప్రకారం మనవాడు చదవడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పట్టింది. ఆ ఓడకి మొదటినుంచీ చెడ్డ గడియే. అడుగున చిల్లు, పైన తుఫాను, నీళ్ళు తోడీతోడీ చేతులు పడిపోయిన నావికులు. మూడువందల ఎనభైనాలుగో పేజీకి ఇక ఆశ లేదు. మిగిలిన పదహారు పేజీల్లో ఇదెలా గట్టెక్కుతుందా అనుకుంటూ ఆఖరి ఫారం తెరిస్తే, ఎండలో మెరుస్తున్న రేవు, ఒడ్డున జనం, ఓడలోంచి బూతులు తిట్టుకుంటూ దిగుతున్న ఒక మనిషి, అతని చంకలో మసిబారిన కుండ.

అతను లేచి నిలబడ్డాడు. పేజీ అడుగున అంకెలు చూశాడు. ఏడు, ఇరవై అయిదు. పరుగున వెళ్ళి బీరువాలోంచి ఏడో సంపుటం తెచ్చి ఆఖరి ఫారం చూశాడు. నాలుగు, ఇరవై అయిదు.

పంతొమ్మిదేళ్ళ కింద ఈ రెండు పుస్తకాలూ ఒకేరోజు ఈ బల్ల మీద విప్పి పెట్టాడు. రెంటికీ ఒకే కాగితం, ఒకే అచ్చు. రెంటిలోనూ ఆఖరి అధ్యాయం మూడువందల ఎనభై అయిదో పేజీలోనే మొదలు. ఆ మధ్యాహ్నం తను ఏడో సంపుటం సముద్రం మీదున్నాడు, ఫారాలు ఎప్పుడు తారుమారయ్యాయో ఏమో, నాలుగోదాన్ని ఆ ఒక్కసారీ చదవకుండానే చేతులు కుట్టేశాయి. ముడి తనదే, కాదనడానికి లేదు. పని నేర్పిన మేనమామ చెప్పేవాడు, రాతలో తప్పు రాసినవాడిది, అచ్చులో తప్పు ప్రెస్సువాడిది, ఫారం మారితే ఆ పాపం మాత్రం మనదిరా అని.

ముందు పట్టరాని సంతోషమేసింది, వంటవాడు బతికే ఉన్నాడని. ఆ వెంటనే బల్ల మీది నాలుగో సంపుటం వైపు చూశాడు. అయితే మునిగింది ఈ ఓడన్నమాట. టీచరమ్మ ఇన్నేళ్ళూ ఒడ్డు చేర్చుకుంటున్న ఓడ. ఇప్పుడు తను సరిగ్గా కుడితే, చూపున్న ఆఖరి ఏడు ఆవిడ చేతులారా దాన్ని ముంచుకుంటుంది.

సాయంత్రం భార్యకి అంతా చెప్పాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు. తప్పు మీరు చేసి తీర్పు కూడా మీరే చెప్తారా, వెళ్ళి ఆవిణ్ణి అడగండి అంది.

మర్నాడు పొద్దున్నే ఫారాలన్నీ గుడ్డలో కట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తోంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడి, పంతొమ్మిదేళ్ళ నాటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ చెంబు పక్కన పెట్టి అంతా విన్నది.

"నాకు తెలుసు బాబూ," అంది.

అతనికి అర్థం కాలేదు.

"నేను లెక్కల టీచర్ని. పుస్తకమంతా ఆ ఓడకి మూడు తెరచాప స్తంభాలు. ఒడ్డుకొచ్చిన ఓడకి రెండే. మూడువందల పైచిలుకు పేజీల్లో ఓడలో వంటవాడే లేడు, రేవులో ఎక్కణ్ణించో కుండ పట్టుకుని ఊడిపడ్డాడు. మొదటిసారే తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీరు సరిచేసేస్తారుగా."

ఆవిడ పక్క మొక్కకున్న ఎండుటాకు తుంచి పారేసింది. తనకేమీ భ్రమ లేదనీ, తమ్ముడు రాడని అమ్మ పోయిన ఏడే మనసుకి చెప్పుకున్నాననీ అంది. ఆ పదహారు పేజీలు చదివే కాసేపు మాత్రం రేవులో నిలబడ్డ జనంలో తనూ ఉంటుందట. పరాయి ఓడైతేనేం, ఎవరో ఒకరు దిగుతున్నారు కదా అంది. ఏ ఫారం కుట్టాలో అతను అడగకముందే, పని మీది, మీకెలా తోస్తే అలా చెయ్యండని ఆవిడే చెప్పి చెంబు అందుకుంది.

గదికి తిరిగొచ్చి కిటికీ వెలుగు గోడ మీదికి వచ్చేదాకా ఊరికే కూర్చున్నాడు. తర్వాత ఆ ఆఖరి ఫారం తీసుకుని నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం, చదివాడు. గది మెల్లగా ఊగింది. వంటవాడు రేవులో దిగాడు. ఇన్నేళ్ళూ ఎవరినీ తాకనివ్వని కుండని, ఒడ్డున నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టి, కాస్త పట్టుకోమని, వంగి నేలని ముట్టుకున్నాడు. మనవాడికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. ఏడో సంపుటం దగ్గరికి లాక్కుని కాసేపు చూశాడు. ఈ పదహారు పేజీలూ దాని సొత్తు. తన సొత్తు కూడా.

ఏడో సంపుటాన్ని ఉన్నదున్నట్టుగా బీరువాలో పెట్టి వచ్చాడు. సూదికి మైనం రాసిన దారం ఎక్కించి, ఆ ఫారాన్ని నాలుగో సంపుటానికే కుట్టాడు. మేనమామ చూస్తే చెవి మెలేసేవాడు. అయినా ముడి రెండుసార్లు వేశాడు, ఇంకెప్పటికీ ఊడకుండా. జిగురు ఆరేదాకా ఆగి, చినుకులు మొదలవుతుంటే పుస్తకాన్ని చొక్కా కింద పెట్టుకుని, తనే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి భార్య వడ్డిస్తోంది. ఏం చేశారని అడిగింది. అతను పళ్ళెం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని, పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ కబురు చెప్పాడు.

"వంటవాడు బతికే ఉన్నాడు."

"ఎక్కడ?"

"టీచరమ్మ గారింట్లో."