బండల మీద నేర్చుకున్న యూనిక్స్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం వికారాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఆపా పోయారు. నిద్రలోనే పోయారట. టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టి, మా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు సొంత వేళ్ల మీద బతకడం నేర్పిన మనిషి. ఇంట్లో తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలిచేవారు, మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. ఫోన్ పెట్టేశాక ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, ఈ కబురు చెప్పుకుందామంటే ఆమెను ఎరిగినవాళ్లు నా పక్కన ఒక్కరూ లేరని. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర్లో నేను తాండూరులో, బండలు కోసి పాలిష్ పట్టి పంపే ఒక కంపెనీలో టైపిస్టుని. యాలాల్ నుంచి బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆఫీసులో టైపిస్టులం ముగ్గురం, ముగ్గురమూ ఆపా దగ్గర నేర్చుకున్నవాళ్లమే. ఒకరోజు మా టైపు మిషన్లు తీసేసి, వాటి చోట యూనిక్స్ నడిచే కంప్యూటర్ పెట్టారు. "దసరా అయినంక పరీక్ష పెడ్త. వచ్చినోళ్లు ఉంటరు, రానోళ్లు ఇంటికి పోతరు" అన్నాడు మేనేజరు. మా ఇల్లు నడిచేది నా జీతం మీదే. ఆ మిషనేమో పగలంతా హైదరాబాద్ నుంచి వచ్చిన ఆపరేటరు చేతిలోనే ఉండేది. మాకు దొరికేది అన్నం తినే వేళ మాత్రమే.

ఆదివారం వికారాబాద్ వెళ్లి ఆపా ముందు కూర్చున్నాను. "మా పని అయిపోయింది ఆపా" అన్నాను.

"అయిపోయిందంటె అయిపోతదా? పరేషాన్ కాకు. గా మిషన్ ఎట్ల నడుస్తదో జర చెప్పు" అన్నారు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మర్నాడు పొద్దున ప్యాసింజర్ రైలుకి తాండూరులో దిగారు. యాభై దాటిన మనిషి, తల మీద కొంగు, చేతిలో టిఫిన్ డబ్బా. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, "వీళ్లు నా పిల్లలు. అన్నం టైముల నేను గూడ వీళ్లతోని కూసుంట" అన్నారు. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. ఆయన కాదనలేకపోయాడు.

ఆపరేటరు చెప్పింది విని వెళ్లి, ఆదివారాలు మాకు తన ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేవారు. కంప్యూటర్ లేదు కదా, నేల ఉంది. తాండూరు బండలు పరిచిన నేల. గుమ్మం దగ్గరి బండ అన్నిటికీ మూలం. దాని నుంచి సుద్దముక్కతో గీతలు, ఒక్కో బండ మీద ఒక్కో పేరు. మిషన్‌కు ఇచ్చే ఆజ్ఞలు ఆమె పలికేవారు. పీడబ్ల్యూడీ అంటే నువ్వు ఏ బండ మీద ఉన్నావో చెప్పాలి. ఎల్ఎస్ అంటే ఆ బండ మీద ఏమున్నాయో చదవాలి. సీడీ అంటే ఇంకో బండ మీదికి నడవాలి.

"తొక్కుడుబిళ్ల ఆడిపిస్తున్నరా ఆపా?" అన్నాను విసుగ్గా.

"ఆడు. ముందు నువ్వేడున్నవో చూస్కో. అది తెల్వకుంట ఏదీ తుడువొద్దు" అన్నారు. పక్క దుకాణం వాళ్లు గుమ్మంలో నిలబడి నవ్వేవారు. ఆమె వాళ్ల వైపు చూసేవారే కాదు.

అంత చెప్పిన ఆపా కూడా ఒకరోజు బోల్తా పడ్డారు. తాండూరులో కీబోర్డు ముందు కూర్చుని, తుడవడం నేర్చుకుంటూ, పొద్దున ఆపరేటరు కొట్టిన లారీ లోడ్ల జాబితా తుడిచేశారు. భయం లేకుండా తుడిచారు, జన్మంతా టైపు కాగితం కింద కార్బన్ పెట్టిన చెయ్యి అది. పై కాగితం పోయినా ఆఫీసు కాపీ ఉంటుందని ఆమె ధైర్యం. "ఇగ కింది కాపీ ఏడుంటది?" అని ఆపరేటరును అడిగారు.

"దీనికి కార్బన్ ఉండదమ్మా. పోయింది" అన్నాడతను.

ఆమె ముఖం పాలిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. మేనేజరు వచ్చి, రేపట్నుంచి బయటివాళ్లు లోపలికి రావద్దన్నాడు. మా ఉద్యోగాలు అక్కడితో సరి అనుకున్నాను. ఆపా మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "రేపటి సంగతి రేపు. నేను తుడిసిన, నేనే కొడ్త. లారీ ఆగొద్దు" అన్నారు. నేను కొడతానంటే, "నువ్వు పోయి అన్నం తిను" అని కసిరారు. యార్డు నుంచి వచ్చిన లోడు చీటీలు ముందేసుకుని, తల ఎత్తకుండా కొట్టారు. లారీకి తాళ్లు బిగించే లోపే జాబితా తయారైంది. అప్పుడు ఆపరేటరు వైపు తిరిగి, "ఇగ చెప్పు బాబూ, దీనికి కార్బన్ ఎట్ల పెడ్తరు?" అన్నారు. అతను ఇంకో ప్రతి తీసే ఆజ్ఞ, సీపీ, చూపించాడు. మా ముగ్గురికీ అది ఇవాళ్టికీ కార్బన్ పెట్టడమే.

మర్నాడు అదే రైలుకి దిగారు. మేనేజరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

దసరా తర్వాత పరీక్షలో మేనేజరు నన్ను పాత ఆర్డర్లు తుడవమన్నాడు. ముందు పీడబ్ల్యూడీ కొట్టి, ఎక్కడున్నానో మిషన్‌నే అడిగాను. ఉన్నది ఆ నెల ఆర్డర్లలో. అక్కడే తుడిచి ఉంటే నా పని ముగిసేది. పాతవాటి దగ్గరికి వెళ్లి, కార్బన్ పెట్టి, అప్పుడు తుడిచాను. "సోమవారం నుంచి సీట్ల కూసో" అన్నాడు మేనేజరు. మిగతా ఇద్దరూ గట్టెక్కారు. యార్డులో ఎండలో నిలబడ్డ ఆపాతో, "ముగ్గురం ఉన్నం ఆపా" అని చెప్పి ఏడ్చేశాను.

ఆ సంతోషంలోనే నాకో దిగులు పట్టుకుంది. "ఇగ మీ దగ్గర టైపు ఎవరు నేర్చుకుంటరు ఆపా?" అన్నాను.

"రాకుంటె రాకపోనీ. గా కంప్యూటర్లే నేర్పిస్త" అన్నారు.

ఆ సాయంత్రమే ఇన్‌స్టిట్యూట్‌లో కిటికీ పక్క బల్ల మీది టైపు మిషన్‌ను, మేం వద్దంటున్నా, తనే ఎత్తి కింద పెట్టారు. కంప్యూటర్ కొనే స్తోమత ఆమెకు చాలా ఏళ్లకు గానీ రాలేదు. అంతవరకూ ఆ ఖాళీ బల్లను రోజూ పొద్దున తడిగుడ్డతో తుడిచేవారు. దాని మీద ఎవరినీ సంచి కూడా పెట్టనిచ్చేవారు కాదు.