బ్యాంకరు కుర్చీ వద్దన్న కిట్-యింగ్

అమెరికాలోని మాంటెరీ పార్కులో ఒక హోటలు వంటింట్లో కుడుములు చుట్టి బతికిన కిట్-యింగ్ ఒకరి దయ పుచ్చుకునే మనిషి కాదు. అత్తగారి పచ్చరాతి గాజు తనకా, తోటికోడలు సౌ-లాన్‌కా అన్నది ఏళ్ళుగా తేలక, చివరికి ఇద్దరూ ‘పై గౌ’ అనే పేకాట ఒక్కటి ఆడి తేల్చుకోడానికి ఒప్పుకున్నారు.

"పెద్దదానివి, బ్యాంకరుగా నువ్వే కూర్చో అక్కా," అంది సౌ-లాన్.

"నీ ఊతకర్ర నాకెందుకే? నువ్వే కూర్చో."

ఏడేసి ముక్కలు పడ్డాయి. వాటిని ఐదు ముక్కల వాటా, రెండు ముక్కల వాటా చెయ్యాలి. రెండు వాటాలూ నెగ్గినవాళ్ళదే గాజు; చెరొకటి నెగ్గితే మళ్ళీ ఆట. సమానమైన వాటా మాత్రం బ్యాంకరుకే పోతుంది.

కిట్-యింగ్‌కు తొమ్మిదుల జత, ఐదుల జత, ఆసు, రాణి, ఒక మూడు వచ్చాయి. జతలను విడదీయడమా, కలిపి ఉంచడమా?

"ఇంతసేపైతే పొయ్యిమీద కుడుములు మాడిపోతాయి అక్కా."

"మాడనీ. నీ నోటికంటే చేదెక్కవులే."

జతలు రెండూ పెద్ద వాటాలో ఉంచి, ఆసునూ రాణినీ చిన్న వాటాగా పెట్టింది.

సౌ-లాన్ పెద్ద వాటా తిప్పింది. మూడు ఏడులు; రెండు జతలకంటే అవే పెద్దవి. కిట్-యింగ్‌కు ఇక చిన్న వాటా దక్కినా చాలు, గాజు ఇంకా బల్లమీదే ఉంటుంది. సౌ-లాన్ ఆసు తిప్పింది. తర్వాత రాణి. సమానం; అదీ బ్యాంకరుకే.

కిట్-యింగ్ గాజు అందుకుని, తోటికోడలి చెయ్యి తానే లాక్కుంది.

"ఈ లావు చేతికి ఊరికే ఎక్కదు. పోయి సబ్బు తీసుకురా," అంది.