వీణ కింద పెట్టకూడదు, హెడ్‌ఫోన్ కూడా

యుగాలు గడిచినా ఇటుక మీద కాలు మార్చకుండా నిలబడ్డ పాండురంగనికి ముందుగా దండం. అమ్మానాన్నల సేవలో ఉన్న భక్తుడు ఇటుక వేసి "కొంచెం ఆగు" అంటే, విసుక్కోకుండా నడుం మీద చేతులు పెట్టుకొని ఆగిన దేవుడాయన. ఆలస్యంగా వచ్చేవాళ్లందరికీ ఆయనే దిక్కు. అలా వచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి గనుక, ఆయన పేరు తలుచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టలేను.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, నా భయాలకు మాత్రం అరవై. నాందేడ్‌లో సౌండు సామాను కిరాయికిచ్చే దుకాణంలో వైర్లు కలిపే పని నాది. ఏ వైరు ఎప్పుడు కాలుతుందో, ఎవరొచ్చి తిడతారో అని గుండె గుప్పిట్లో పెట్టుకొని తిరిగేవాణ్ణి. (ఇప్పటికీ తిరుగుతాను. కాకపోతే గుప్పిటకు అలవాటైంది.) ఆ వారం మా గల్లీలోని విఠల మందిరంలో సప్తాహం నడుస్తోంది. ఏడు రోజులు, రాత్రీ పగలూ హరినామం ఆగకూడదు. ఒకరు మెడలో వీణ వేసుకొని, నిలబడి, తీగ మీటుతూ నామం చెబుతుంటారు. వీణ నేలను తాకకూడదు, వేసుకున్నవారు కూర్చోకూడదు. గంటకొకరి వంతు, దాన్ని మావైపు పహారా అంటారు. తరువాతి మనిషి వచ్చి, ముందున్నవారి కాళ్లకు మొక్కి, వీణను తన మెడలో వేసుకుంటేనే ముందున్నవారికి విడుదల. రాకపోతే నిలబడి ఉండటమే, వేరే దారి లేదు.

మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, కుండల్‌వాడి నుంచి తన భజన మండలిని వెంటబెట్టుకొని వచ్చాడు. నాకు అక్షరాల కంటే ముందు అభంగాలు, అంటే విఠలుని పాటలు, నేర్పినవాడు ఆయనే. ఆ ఏడు మొదటిసారి పహారా పట్టీలో నా పేరు రాయించాడు. ఐదో రోజు రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా తాత, తొమ్మిది నుంచి పది దాకా నేను. ఆయన మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు.

"గంట నిలబడత పోరడా. గంట మీద ఒక్క నిమిషం గూడ నాతోని గాదు. తొమ్మిదింటికి నువ్వు నా ముంగట ఉండాలె" అన్నాడు.

"ఉంట తాత" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సరిగ్గా ఆ ఐదో రోజునే మా సేఠ్, అంటే దుకాణం యజమాని, కొత్త పని ఒప్పుకున్నాడు. దేశాలు తిరిగిన పేరున్న డీజే ఒకాయన ముంబయి నుంచి వస్తున్నాడు, ఒక హోటల్ మేడ మీది చిన్న క్లబ్బులో అరవై మందికి మాత్రమే వాయిస్తాడు. అరవై మందికి అంత పెద్దాయన ఎందుకని అడిగాను. "దోస్తానా రా. గా పిలిపించిన పత్తి జిన్నింగ్ మిల్లాయన, గీ డీజే, కాలేజిల ఒక్క రూములున్నరట. నువ్వు వైర్లు చూస్కో, ఎనిమిదిన్నరకు పో" అన్నాడు సేఠ్. అక్కడి నుంచి మందిరానికి స్కూటరు మీద పదిహేను నిమిషాలు. లెక్క సరిపోయింది. అయినా మధ్యాహ్నం నుంచీ గడియారం చూస్తూనే ఉన్నాను.

డీజే అంటే మాకు తెలిసింది ఊరేగింపులో లారీ మీద కట్టే పెట్టెల గోడ. అందుకని ఆ చిన్న గదిలో పది పెద్ద స్పీకర్లు పేర్చి పెట్టాం. వచ్చినాయన సన్నగా, నెరిసిన జుట్టుతో, కళ్లద్దాలు పెట్టుకొని బడిపంతులులా ఉన్నాడు. గోడను చూసి నవ్వి, ఆరు స్పీకర్లు తీయించేశాడు. ఏడింటికి వాయించడం మొదలుపెట్టాడు. హౌస్ మ్యూజిక్ అట. "పాట లేదు, మాట లేదు, పొద్దుగాల రోకలి దంచినట్టు ఒక్కటే దెబ్బ. గిది ఎట్ల వింటరు రా?" అని సేఠ్ నా చెవిలో అడిగాడు. నేను మాత్రం పక్కనే నిలబడి చూస్తున్నాను. ఒక బాణీ అయిపోకముందే ఆయన ఇంకో బాణీని హెడ్‌ఫోన్‌లో విని, మెల్లగా దాని కిందికి తెస్తాడు. అతుకు ఎక్కడ పడిందో తెలియదు, చప్పుడు మాత్రం ఆగదు. ఇది సప్తాహమే కదా అనిపించింది. నా కష్టాలన్నీ ఆ ఒక్క ఆలోచనలోంచి పుట్టాయి.

ఎనిమిదిన్నరకు నేను బయలుదేరబోతుండగా ఒక స్పీకరు గరగరమంది. దాన్ని సరిచేసి లేచేసరికి ఎనిమిదీ నలభై. అప్పుడే కింది అంతస్తు నుంచి కబురొచ్చింది: మిల్లాయన తల్లి జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లా వేడివేడిగా తెచ్చింది, కాలేజీ రోజుల్లో పెట్టినట్టే తన చేత్తో పెడుతుందట. డీజే ముఖం పిల్లవాడి ముఖమైపోయింది. పావుగంటకు పైగా నడిచే బాణీ ఒకటి పెట్టి, మెడలోని హెడ్‌ఫోన్ తీసి, దగ్గరున్న నాకు ఇస్తూ, "పట్టుకో, ఇప్పుడే వస్తా" అన్నాడు హిందీలో.

నేను వంగి ఆయన కాళ్లకు మొక్కి, దాన్ని మెడలో వేసుకున్నాను. ఎందుకని అడగకండి. ఐదు రోజులుగా అదే చూస్తున్నాను, నడుం దానంతట అదే వంగింది. ఆయన ఉలిక్కిపడి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ముందు వరుసవాళ్లు శిష్యుణ్ణి చూసినట్టు నన్ను చూసి చప్పట్లు కొట్టారు.

సేఠ్ వచ్చాడు. "ఇంగ పోలేదా? తాత నిలబడి ఉంటడు గదరా."

"ఎట్ల పోవాలె సేఠ్, ఇది మెడల ఉన్నది."

"బల్ల మీద పెట్టి పో."

"కింద పెట్టొద్దు గద."

"గది వీణనారా?" అని సేఠ్ అన్నాడు గానీ, ఆ ముక్క అన్నాక ఆయనకూ అనుమానం వచ్చినట్టుంది, తీసుకోవడానికి చెయ్యి చాపలేదు.

ఫోను మోగింది. మందిరం నుంచి మా చెల్లె. వెనక తాళాల మోత.

"అన్నా, తొమ్మిదైతుంది. తాత ఒంటి కాలు మీద నిలబడుతుండు."

"ఒంటి కాలు మీదనా?"

"ఒకసారి గీ కాలు, ఒకసారి గా కాలు. నువ్వు ఏడున్నవ్?"

ఎక్కడున్నానని చెప్పను? ఎదురుగా యంత్రం మీద, బాణీ ఇంకెంతసేపుందో చూపే ఎర్ర అంకెలు తగ్గిపోతున్నాయి. మూడు నిమిషాలు, రెండు. డీజే జాడ లేదు. అక్కడ తాత కదలలేడు, ఇక్కడ నేను కదలలేను. ఆ యంత్రం మీద నలభై మీటలున్నాయి, ఏది ముట్టుకుంటే ఏమవుతుందో తెలియదు. పాండురంగా, ఇది నీ పహారా కాకపోయినా నా పరువు నీదే అనుకున్నాను. అప్పుడు తాత మాట ఒకటి గుర్తొచ్చింది: "తాళాలు లేకుంటే ఏమాయె, దేవుడు చేతులిచ్చిండు." ఆ దెబ్బకు సరిపడేలా చప్పట్లు మొదలుపెట్టాను. భజన చప్పట్లే, అచ్చంగా కలిసిపోయాయి. ముందు వరుస అందుకుంది, తరువాత గదంతా అందుకుంది. బాణీ అయిపోయింది. చప్పట్లు ఆగలేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి "విఠల, విఠల" అని వచ్చేసింది. ఒక్క క్షణం నా ప్రాణం పోయింది. కానీ ఆ అరవై మందీ ఈ నేల మీద పెరిగినవాళ్లే, చిన్నప్పుడు పండరికి నడిచే దిండీల వెంట నడిచినవాళ్లే. గట్టిగా తిరిగి పలికారు. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్న సేఠ్, కాసేపటికి ఆ చేతులతోనే చప్పట్లు కొట్టసాగాడు.

చేతిలో సగం రొట్టెతో డీజే మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. రొట్టె సేఠ్‌కిచ్చి, తల వంచి విని, మా చప్పట్ల కిందికి తన దెబ్బను మెల్లగా తెచ్చి కలిపాడు. అతుకు తెలియలేదు. తరువాత హెడ్‌ఫోన్ కోసం నా దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, వంగి నా కాళ్లు ముట్టుకొని తీసుకున్నాడు. (మా దగ్గర అదే పద్ధతి అనుకున్నాడు పాపం. నేను వద్దనేలోపే అయిపోయింది.)

స్కూటరును ఎలా నడిపానో విఠలునికే తెలుసు. తొమ్మిదీ ఇరవైకి మందిరంలో అడుగుపెట్టాను. తాత కళ్లు మూసుకొని మీటుతున్నాడు, ముఖమంతా చెమట. మొక్కినప్పుడు ఆయన కాళ్లు వణుకుతున్నాయి. పద్ధతి కంటే కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాను. వీణ నా మెడలో పడ్డాక ఆయన స్తంభానికి ఆనుకొని కూలబడి, "ఏడికి పోయినవ్ రా?" అన్నాడు. పహారాలో ఉన్నవాడు నామం తప్ప వేరే మాట పలకకూడదు. నా వంతు అయ్యేదాకా ఆయన అలా చూస్తూ ఉన్నాడు, నేను "విఠల, విఠల" అని జవాబు చెబుతూ ఉన్నాను.

పదింటికి అంతా చెప్పాను. తాత మోకాళ్లు ఒత్తుకుంటూ విన్నాడు.

"గాయన అచ్చేదాక నిలబడ్డవా?"

"నిలబడ్డ."

"చప్పుడు ఆగనియ్యలేదు గద?"

"లేదు తాత."

"అయితే మంచిదే." రెండో మోకాలు అందుకొని అన్నాడు: "గాని పోరడా, గా చెవులది బల్ల మీద పెడితే ఏమైతుండె?"

తాత నవ్వాడు, మోకాలు నొప్పికి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఇప్పుడు తాత లేడు. పహారా పట్టీ నేనే రాస్తున్నాను. కొత్తగా పేరిచ్చే పిల్లలు హోటళ్లలో, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. ఎవరు ఆలస్యంగా వస్తారో ముఖం చూస్తేనే తెలుస్తుంది. అలాంటివాళ్ల వంతుకు ముందున్న గంటకు నా పేరే రాసుకుంటాను. మొన్న ఒకడు అరగంట ఆలస్యంగా, చెవుల్లో ఏవో పెట్టుకొని, ఒగరుస్తూ వచ్చాడు. అప్పటికి నేను కూడా గీ కాలు, గా కాలు చేస్తున్నాను. ఆ ఇరవై రెండేళ్లవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మీరూ నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి. పాండురంగా, నిలబడ్డవాళ్ల మోకాళ్లకు బలమియ్యి, దారిలో ఉన్నవాళ్లను చల్లగా చేర్చు. మేము వచ్చేదాకా నువ్వు మాత్రం ఇటుక దిగకు.