తాతకు గొంతు పెట్టారు

పాత ఆటను తోమి, మెరుగు పెట్టి మళ్ళీ అమ్మడాన్ని రీమాస్టర్ అంటారని నాకు చెప్పింది మా తమ్ముడు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇలా చేయడం వల్ల ఆ ఆటల సిరీస్‌కు మేలా కీడా అని ఇంటర్నెట్‌లో కుర్రాళ్ళు జుట్టు జుట్టు పట్టుకుంటున్నారు. ఒకడు రంగులు అద్భుతం అంటాడు. ఇంకొకడు సంగీతం పాడుచేశారని శాపనార్థాలు పెడతాడు. అరవై దాటిన ఆడమనిషి ఒకావిడ మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో నేలమీద మఠం వేసుకుని ఆ ఆట ఆడుతుందని వాళ్ళలో ఎవడికీ తెలియదు. తెలిసినా లెక్కలోకి తీసుకోరు. ఆవిడ మా అమ్మ.

మేం బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో పెరిగాం. అమ్మ ఎండుకొబ్బరి షెడ్డులో పనిచేసేది, నాన్న తోట లారీ నడిపేవాడు. నేను బడిలో చదివే రోజుల్లో నాన్న ఒకసారి తెలుక్ ఇంతాన్ రాత్రి సంతనుంచి ఎవరో వాడి వదిలేసిన గేమ్ కన్సోల్ తెచ్చాడు. దానితో ఒకే ఒక్క డిస్కు. అదీ దొంగ కాపీ. పెట్టి చూస్తే తెరమీద అక్షరాలన్నీ జపాన్ భాషలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, కూలీల లైన్ ఇళ్ళలో తమిళం, బడిలో మలయ్, ఇంగ్లీషు అని నాలుగు భాషలతో నెట్టుకొస్తున్న మాకు ఆ ఐదోది ఎక్కడినుంచి వస్తుంది? రేపే తిరిగి ఇచ్చేస్తానన్నాడు నాన్న. అమ్మ వద్దంది.

"బొమ్మలు కదుల్తన్నాయి కదా, అచ్చరాలతో మనకేటి పని?" అంది.

అమ్మకు బడి మొదట్లోనే ఆగిపోయింది. ఏ భాషలోనూ చదవలేదు. ఆవిడకు అన్ని అక్షరాలూ జపాన్ అక్షరాలే. అందుకని మాకంటే ముందు ఆవిడే ఆ ఆటను పట్టేసింది. మేం అర్థం కాని మెనూల దగ్గర కొట్టుకుంటూ ఉంటే, అమ్మ ప్రతి గోడా, ప్రతి చెట్టూ తడిమి చూసి దారి కనిపెట్టింది. కనపడిన ప్రతిదానికీ పేరు పెట్టింది. దీపం పట్టుకుని నడిచే కుర్రాడు మా అబ్బి. గాయం మాన్పే సీసా కషాయం. బురదలోంచి లేచి మీదపడేది నల్లపీత. వంతెన దాటాక కొండలా అడ్డం నిలబడేవాడు బొండుగాడు. ఆ ఆట అసలు పేరేమిటో మాకు చాలా ఏళ్ళు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆ ఆటలో మా అబ్బి ఊరు సముద్రం పక్కన, ఎప్పుడూ పొగమంచు కప్పేసి ఉండేది. ఊరి గేటు దగ్గర తాటాకు టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడి ఉండేవాడు. ఆయన ముందు బటన్ నొక్కితే టిక్కు టిక్కుమని ఒక వరస అక్షరాలు వచ్చేవి, ఆయన చెయ్యి ఇలా పైకి లేచి ఊగేది. అంతే. ఆయన ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. ఆ చెయ్యి చూడగానే అమ్మ తేల్చేసింది.

"ఎల్లి రా అంటన్నాడు తాత."

మా ఇంట్లో ఆ మాటకు ఉన్న విలువ చెప్పకపోతే ఇదంతా పిచ్చిగోలలా ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ 'వెళ్తున్నాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు 'వెళ్ళి రా' అని తీరాలి. ఉత్త 'వెళ్ళు', ఉత్త 'పో' మళ్ళీ మొహం చూడదలచుకోని వాళ్ళకు అనే మాట. నాన్న లారీ ఎక్కబోతుండగా ఎవరైనా నోరు జారి 'సరే పో' అంటే అమ్మ ఆయన్ని కిందికి దించి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ మొదటినుంచి బయలుదేరదీసేది. తోటలో అందరూ నవ్వేవారు. నాన్న కూడా నవ్వుతూనే నీళ్ళు తాగేవాడు.

అందుకని మా అబ్బి కూడా తాతకు చెప్పకుండా గేటు దాటడానికి వీల్లేదు. తమ్ముడు తొందరలో ఆయన్ని తప్పించుకుని పరిగెత్తించాడనుకోండి, వంటింట్లోంచే కేక వచ్చేది: "తాతకి సెప్పినావేటిరా?" ఒకరోజు చెప్పకుండా వెళ్ళి వంతెన మీద నల్లపీత చేతిలో చచ్చాడు మా అబ్బి. ఇంక ఆ తర్వాత మా ఇద్దరికీ వాదించే దమ్ము లేకపోయింది.

నాన్న లారీ ప్రమాదంలో పోయిన రోజు అమ్మ తెల్లవారుజామునే షెడ్డుకు వెళ్ళిపోయింది. ఆయన బయలుదేరినప్పుడు ఆ మాట అనడానికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. కానీ ఆ తర్వాత తాత ముందు ఒకసారి కాదు, రెండుసార్లు నొక్కడం మొదలుపెట్టింది. నేను చూశాను. ఎందుకని అడగలేదు.

ఇప్పుడు నేను పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ల కాగితాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. పాత కన్సోల్ కూడా ఆవిడతోనే వచ్చింది. శనివారం పొద్దున్న తలంటు పోసుకుని, దీపం పెట్టి, కాఫీ తాగి ఆట ముందు కూర్చుంటుంది. బొండుగాడి జోలికి వెళ్ళి ఏళ్ళయింది. తాతకు చెప్పడం, వంతెన దాటడం, నాలుగు ఆకులు కోసుకోవడం, వెనక్కి రావడం. పాసార్‌కు వెళ్ళి కూరలు తెచ్చుకున్నట్టు అంతే. ఆ కాసేపూ ఆవిడ మొహం చూస్తే నాకు ఆఫీసు గొడవలు గుర్తుండేవి కావు.

తమ్ముడు కౌలాలంపూర్‌లో ఒక గేమ్ స్టూడియోలో బొమ్మలు గీస్తాడు. పరదేశపు పెద్ద కంపెనీలు ఆటలో ముక్కలు ముక్కలుగా పని వీళ్ళకు అప్పజెబుతాయి. ఒకరికి చెట్లు, ఒకరికి గోడలు. ఏడాదిపైగా ఏం చేస్తున్నావని అడిగితే నోరు విప్పలేదు. సంతకం పెట్టినాను అక్కా, చెప్పకూడదు లా, అనేవాడు, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. చివరికి ఒక ఆదివారం కొత్త కన్సోల్ ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, మన ఆట. కొత్తగా వచ్చినాది. మన అబ్బి ఊరు గీసినోడిని నేనే."

అమ్మ వాడి తల నిమిరింది. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధం చెప్పను. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం.

ఆట తెరుచుకోగానే అమ్మ కళ్ళు చిట్లించింది. ఊరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా, పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోతోంది. ప్రతి గడ్డిపోచా విడివిడిగా కనపడుతోంది.

"మంచు ఏటయిపోనాదిరా?"

"తీసేసినామమ్మా. ఆ రోజుల్లో మెషీన్‌కి దూరం సూపించే సత్తా నేదు. ఆ లోటు కనపడకండా మంచు కప్పినారు. ఇప్పుడు అక్కర్నేదు."

అమ్మ ఊఁ అంది. నేలమీద పసుపు రంగు బాణం ఒకటి పుట్టుకొచ్చి అటు వెళ్ళు అని చూపించింది. "దారి నేనడిగినానేటి?" అని గొణిగింది, కానీ తమ్ముడి మొహం చూసి నవ్వేసింది. అబ్బిని గేటు దాకా నడిపించింది. తాత అక్కడే ఉన్నాడు. అదే టోపీ. మొహంమీద ముడతలు మాత్రం లెక్కపెట్టొచ్చు. అమ్మ బటన్ నొక్కింది.

తాత నోరు తెరిచాడు. ఎవడో కుర్రాడు ముసలితనం నటిస్తున్న గొంతు.

"గో ఆన్, గో. డోంట్ స్టాండ్ హియర్."

చెయ్యి పైకి లేచి ఊగింది. ఇన్నేళ్ళూ మేం చూసిన చెయ్యే. ఆ గొంతు దానికి తగిలించగానే అది వీధికుక్కను అదిలించే చెయ్యి అయి కూర్చుంది.

అమ్మ అలవాటు ప్రకారం రెండోసారి నొక్కింది. "గో ఆన్, గో."

"ఏటంటన్నాడు?" అంది అమ్మ, తెరమీంచి చూపు తిప్పకుండా.

"ఎల్లి రమ్మంటన్నాడమ్మా," అన్నాను.

"గో అంటే నాకు తెల్దేటే? షెడ్డుకాడ మేనేజరు మమ్మల్ని గో గో అనే తోలీవోడు." బటన్ మీంచి వేలు తీసింది. "అందల కమ్ నేదు."

తమ్ముడు ఓదారుద్దామనుకున్నాడు పాపం. "మేం మార్చింది కాదమ్మా అది. ముందునుంచీ అంతే. జపాన్ అచ్చరాల్లో కూడా అదే ఉండినాది. దారిలో నిలబడకు, పో అని."

అమ్మ కంట్రోలర్‌ను బల్లమీద పెట్టి, దానిమీద పడిన దుమ్మేదో తుడిచినట్టు తుడిచి, బాల్కనీలోకి వెళ్ళి బట్టలు తీయడం మొదలుపెట్టింది. అవి ఇంకా ఆరలేదు.

నేను తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కుపోయాను.

"నీకు ముందే తెలుసా?"

"పనిలో దిగిన వారానికే తెల్సినాది."

"తెలిసి ఆ ఊరు గీస్తూ కూర్చున్నావా?"

"నేను గోడలూ గడ్డీ గీసీవోడినక్కా. మాటలు నా సేతిలో నేవు లా."

వాడు ఊరుకోలేదు. వాడికీ రోషం వచ్చింది. ఆట తీసిన కంపెనీ ఈ సిరీస్‌ను ఎన్నో ఏళ్ళ కిందటే అటకెక్కించేసిందన్నాడు. ఇది అమ్ముడుపోతేనే కొత్త భాగం తీస్తారు, లేకపోతే మా అబ్బి పేరు తలిచేవాడుండడు. పాత డిస్కులు అరిగిపోతున్నాయి, పాత మెషీన్లు చచ్చిపోతున్నాయి. వాడి ఆఫీసులో ఇరవై ఏళ్ళ పిల్లలు మొదటిసారి ఈ కథ అర్థమై కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఇదంతా చెప్పి, "ఒక్క అమ్మ కోసం ఆటని మంచులో ఉంచీమంటావేటి?" అన్నాడు.

వాడు చెప్పిందంతా నిజమే అయుండొచ్చు. నిజమైతే మాత్రం నా కోపం ఎందుకు తగ్గాలి? మంచు తీసేయమని అడిగింది ఎవరు? మెషీన్ చేతగానితనమో మరొకటో, ఆ మంచులో మా అమ్మ ఒక ఊరు కట్టుకుంది. ఆ అక్షరాల్లో ఒక మాట దాచుకుంది. నాన్న పోయాక ఆవిడకు ఆ మాట అన్నది ఆ తాత ఒక్కడే. కొత్త కథ చెప్పుకోండి, కొత్త ఊరు కట్టుకోండి, కొత్త ముసలివాణ్ణి నిలబెట్టి ఏ బూతులు కావాలంటే అవి తిట్టించుకోండి. పాత ఇంట్లోకి జొరబడి దీపాలు వేసి, ఇదిగో చూడు నీ తాత ఇలాంటివాడు అని చూపించడం ఏ రకం మేలు? పాతది పాతదిగానే ఉంటుంది కదా అని అందరూ చిలకపలుకులు పలుకుతారు. ఎక్కడ ఉంటుంది?

ఇదంతా నేను వాడితో ఇంత వరసగా అనలేదు. అరిచాను. చివరికి, "సరే, నీ సిరీస్ బతికింది కదా. ఇంక పో," అన్నాను.

వాడు హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు. చెప్పుల చప్పుడు లిఫ్టు వైపు వెళ్ళింది. తడి బట్టలు సోఫామీద పడేసి అమ్మ వాడి వెనకే వెళ్ళింది, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా. వసారాలో ఆవిడ గొంతు వినపడింది.

"ఎల్లి రా నాయనా." తర్వాత మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, "ఎల్లి రా."

తిరిగొచ్చి, నా మొహం చూడకుండా, "నోరు కడుక్కో," అంది. కడుక్కున్నాను.

వారం మధ్యలో తమ్ముడు ఫోన్ చేసి, టీవీ గొంతు తగ్గించేసి ఆడుకోమని అమ్మకు చెప్పమన్నాడు. చెప్పాను. "నోరు నొక్కేస్తే కడుపులో మాట మారిపోద్దేటి?" అంది అమ్మ, చిక్కుళ్ళు తుంచుతూ.

శనివారం పొద్దున్న నేనే కొత్త కన్సోల్ పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాను. పాతది బయటికి తీసి, తుడిచి, వైర్లన్నీ తగిలించాను. అమ్మ తలంటుకుని వచ్చి చూసింది. కాదనలేదు. మఠం వేసుకుని కూర్చుంది. మంచు వచ్చింది. మా అబ్బి మసకమసగ్గా, మొహమంతా గళ్ళు గళ్ళుగా, మా అబ్బిలాగే వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ వాణ్ణి గేటు దాకా నడిపించి, తాత ముందు ఆపి, బటన్ నొక్కింది. గొంతు లేదు. టిక్కు టిక్కుమని ఆ పాత అక్షరాలే వచ్చి నిలబడ్డాయి.

అమ్మ వాటికేసి చాలాసేపు చూసింది. రెండోసారి నొక్కలేదు.

"ఆ ముక్క సదవడం నాకిప్పుడు వచ్చేసినాదే," అని, కంట్రోలర్ నా ఒళ్ళో పెట్టి లేచిపోయింది.